వెనక్కి తిరిగిన పూలబుట్ట

ఆవిడ వచ్చేసరికి ఆఫీసు గది ఇంకా ఊడ్చనైనా లేదు. లోపలికి రావాలో వెనక్కి పోవాలో తెలియనట్టు గుమ్మం దగ్గరే నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. స్టెనో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

ఈ స్టెనో ఒకప్పుడు కోర్టులో పనిచేసింది. ఎవరెంత గబగబా మాట్లాడినా ఒక్క ముక్క జారిపోకుండా రాసుకోగలదు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఈ ప్రైవేటు డిటెక్టివు దగ్గర చేరింది. ఆయన్ని అందరూ భూతద్దంగారంటారు. నిజానికి ఆయన దగ్గర భూతద్దం లేదు. చత్వారం కళ్ళజోడు ఒకటుంది, అదీ సగం రోజులు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు. అయినా ఆయన ఒక గదిలోకి వెళ్ళి చుట్టూ చూశారంటే ఆ గది తనకు తెలిసిందంతా చెప్పేస్తుందని స్టెనో నమ్మకం. ఈ విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

వచ్చినావిడని వీధిలో మొక్కలమ్మ అంటారు. కిందికి జాలువారే పూలమొక్కల్ని వేలాడే బుట్టల్లో, తొట్లలో, ఎండ బాగా తగిలే గోడవార మళ్ళలో పెంచి అమ్మడం ఆవిడా, భర్తా కలిసి చేసిన పని. భర్త పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. భూతద్దంగారి కిటికీలో వేలాడుతున్న తెల్ల పెటూనియా ఆయన ఇచ్చిందే. దీన్ని ఎటు పెట్టినా పరవాలేదు, మొక్క తన మొహం తనే ఎండవైపు తిప్పుకుంటుంది అని ఇచ్చిన రోజున చెప్పాడు. ఊడ్చే మనిషి ఎప్పుడైనా బుట్టని అటుదిటుగా తగిలిస్తే, కొన్నాళ్ళకి కొసలన్నీ నెమ్మదిగా వంగి మళ్ళీ కిటికీ బయటికి చూసేవి. అది గమనించినప్పుడల్లా భూతద్దంగారు చేతిలో పని వదిలేసి దాని ముందు నిలబడిపోయేవారు.

"సాయంత్రానికల్లా ఇల్లు వదిలి పొమ్మంది మా వదిన," అంది మొక్కలమ్మ. "ఆటోకి కూడా చెప్పేసింది. నేను ఆ మొక్కని ముట్టుకోలేదండీ."

భూతద్దంగారు ఆమెని మొదటినుంచీ చెప్పమన్నారు. ఆమె చెప్పింది.

ఆమె భర్త ఏళ్ళ తరబడి పువ్వుకి పువ్వు కలిపి, చివరికి ఒక పెటూనియాని సాధించాడు. అది పొద్దున్నే పాలరంగులో విచ్చుకుని, ఎండ ఎక్కేకొద్దీ నీలం నింపుకుంటూ, మధ్యాహ్నానికి చూసేవాళ్ళకి మాట పడిపోయేంత ముదురు నీలమైపోతుంది. కానీ అది విత్తనం కట్టదు. కొమ్మ కోసి నాటితేనే ఇంకో మొక్క. ఒకే ఒక్క బుట్ట తయారుచేసి ఇంటి వెనకవైపు అద్దాల గదిలో వేలాడదీశాక ఆయన మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు. ఆయన అక్క హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది, వీధికంతా టీచరమ్మ. తమ్ముడు తన చేత్తో వేలాడదీసిన మొక్క మీద ఎవరూ కత్తి పెట్టడానికి వీల్లేదని ఆవిడ తీర్మానం చేసేసింది. ఆవిడ తీర్మానానికి ఆ ఇంట్లో అప్పీలు లేదు.

మొక్కలమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. పెటూనియా కలకాలం బతికే మొక్క కాదు, కొయ్యకుండా వదిలేస్తే కాడలు సాగిపోయి, అడుగు మోడైపోయి, ఒకరోజు వాడిపోతుంది. ఆ తర్వాత ఆ నీలం ఇంకెక్కడా ఉండదు. వదిన వినలేదు. ఇద్దరూ గొంతు పెంచుకున్న సంగతి ఇరుగుపొరుగంతా విన్నారు, ఇప్పుడదే మొక్కలమ్మ మెడకి చుట్టుకుంది.

తల్లి కాలు విరగడంతో ఆమె దాదాపు నెల రోజులు పుట్టింట్లో ఉండిపోయింది. అన్నాళ్ళూ బుట్టకి నీళ్ళు పోసింది టీచరమ్మ భర్త. ఆయన టైలరు. నిన్న సాయంత్రం మొక్కలమ్మ తిరిగి రాగానే అద్దాల గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టేశాడు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ టీచరమ్మ ఆ బుట్ట దగ్గరికి వెళ్ళలేక రోజూ గది తలుపు దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోయేది. ఏడాది నిండిందని ఈ పొద్దున గుండె చిక్కబట్టుకుని, మొక్కలమ్మ చేత తాళం తీయించుకుని లోపలికంటా నడిచింది. వెనకవైపు చూస్తే కొమ్మలన్నీ కోసేసి ఉన్నాయి.

"రాత్రి తాళంచెవి మీ దగ్గరే ఉందా?" అడిగారు భూతద్దంగారు.

"నా దిండు కిందే ఉందండీ. అదే కదా నా ఖర్మ."

"కోసిన చోటు మీరు దగ్గర్నుంచి చూశారా?"

"చూడనిస్తేగా! వదిన బుట్టని గిర్రున తిప్పి ఇదిగో నీ నిర్వాకం అంది. నన్ను బయటికి నెట్టి తాళం వేసేసింది. ఇల్లు పోతే పోయిందండీ, ఎక్కడో ఓచోట తలదాచుకుంటాను. కానీ ఆయన మొక్కని నేను దొంగతనంగా కోశానని వదిన నమ్మితే నేనింకెవరికి మొహం చూపించను?"

భూతద్దంగారు కళ్ళజోడు కోసం వెతుక్కున్నారు. అది ఆయన నెత్తి మీదే ఉందని స్టెనో చెప్పింది.

ఆ ఇంటి ముందు గదే టైలరు షాపు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. షాపు కిటికీకి మాత్రం పల్చటి తెల్లగుడ్డ అడ్డంగా కట్టి ఉంది. టైలరుగారు లోపల బల్బు వేసుకుని, నల్లగుడ్డ మీద ఏ దారం సరిపోతుందో బల్బు కింద పెట్టి చూసుకుంటున్నాడు. వాళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు. సన్నగా, వంగిన భుజాలతో, మాట్లాడే ముందు ఒకసారి గుటక మింగే మనిషి. తాళంచెవి తన దగ్గరే ఉండేదనీ, రోజూ నీళ్ళు పోశాననీ, మొక్కల గురించి తనకి ఓనమాలు కూడా తెలియవనీ చెప్పాడు. అడగని సంగతి కూడా చెప్పాడని స్టెనో మనసులో అనుకుంది.

టీచరమ్మ వాళ్ళని క్లాసుకి ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చూసినట్టు చూసింది. అయినా డిటెక్టివు వచ్చినందుకు సంతోషించింది, దొంగతనం రుజువైపోతుందని. టీ మాత్రం స్టీలు గ్లాసుల్లో వచ్చింది. ఏమీ అనుకోవద్దంది. ఇంట్లో గాజు గ్లాసులు ఒక్కొక్కటే మాయమవుతున్నాయట. మా ఆయన పగలగొట్టి నోరు మెదపట్లేదు అంటూ ముందు గదివైపు ఒక చూపు విసిరింది. లోపల కుట్టుమిషను చప్పుడు ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది.

"రాత్రే కోశారని అంత గట్టిగా ఎలా చెప్తున్నారమ్మా?" అడిగారు భూతద్దంగారు.

"నిన్న సాయంత్రం కూడా తలుపు దగ్గర నిలబడి చూశాను. నిండుగా ఉంది. ఈ మధ్య అది పూసినట్టు ఎప్పుడూ పూయలేదు." ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "వాడి రోజు దగ్గర పడుతోందని వాడే పూయిస్తున్నాడనుకున్నాను. ఇదుగో, ఆ మహాతల్లి కత్తెర పెట్టింది."

తాళం తీశారు. గదికి అటువైపంతా అద్దాలే, ఎండ అటునుంచే వస్తుంది. ఇటువైపు తలుపు. అద్దాలకి కాస్త ఇవతలగా, కొక్కేనికి మూడు గొలుసులతో ఆ బుట్ట వేలాడుతోంది. తలుపు దగ్గరే స్టెనో కాళ్ళు ఆగిపోయాయి. పూలు జలజలా కిందికి దిగి నేలకి జానెడెత్తులో ఆగాయి. అంచుల్లో పాలరంగు ఇంకా పోలేదు, నడుమ నుంచి నీలం నెమ్మదిగా పైకి వస్తోంది. కోర్టులో ఎంతోమంది మాటలు రాసుకున్న మనిషికి ఆ క్షణాన రాయడానికి ఒక్క మాట దొరకలేదు. మనిషి చేతిలోంచి ఇలాంటిది వచ్చిందంటే నమ్మడం కష్టమే అనుకుంది.

భూతద్దంగారు బుట్ట చుట్టూ తిరిగారు. తలుపువైపు పూలగుత్తులు. అద్దాలవైపు పెద్ద ఖాళీ, మొండి కాడలు. ఆయన కూర్చుని పూలతీగల కొసల్ని చూశారు. తలుపువైపు వేలాడుతున్న ప్రతి తీగా కొసకి వచ్చేసరికి చేపల గాలంలా వెనక్కి వంగి ఉంది. ఆ తర్వాత లేచి కోసిన కాడల దగ్గర మొహం పెట్టి చూశారు. కోత నలగలేదు, చాలా నున్నగా ఉంది. ప్రతిచోటా ఆకు కణుపుకి కాస్త పైన. స్టెనోని కూడా చూడమన్నారు. అక్కడ ఉన్నదేమిటో చూసి ఆమె నోరు తెరిచింది, ఆయన మాట్లాడొద్దని సైగ చేశారు.

విత్తనాల షాపాయన్ని కూడా పిలిపించమన్నారు. ఆ బుట్ట తనకిమ్మని చాలాసార్లు వెంటపడ్డ మనిషి ఆయనే. రావడమే ఒంటికాలి మీద లేస్తూ వచ్చాడు. మొక్కలమ్మ పుట్టింటికెళ్ళే ముందు ఒకసారి ఈ తలుపు దగ్గర్నుంచి చూశాననీ, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదనీ చెప్పాడు.

"తలుపు దగ్గర్నుంచి చూస్తే ఏముంది సార్, అన్నీ ఆకులే. అటుపక్క ఎక్కడో నాలుగు పూలు. ఆ ఆకులబుట్ట కోసం నేను గోడ దూకుతానా?"

ఆకులబుట్ట అన్నందుకు టీచరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. తలుపు దగ్గర్నుంచి చూస్తే పూలు తప్ప ఆకు కనిపించదనీ, ఈయన కళ్ళు పరీక్ష చేయించుకోవాలనీ అంది. ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళు నిలబడ్డారు. భూతద్దంగారు ఇద్దరికీ దణ్ణం పెట్టి, మధ్యాహ్నం అందరూ ఇదే గదిలో కలుద్దామన్నారు.

బయటికి రాగానే స్టెనో అడిగింది. "ఇద్దరిలో అబద్ధం ఎవరిది సార్?"

"ఇద్దరూ చూసిందే చెప్పారు. ఈ ఇంట్లో ఇవాళ నాకు నచ్చిన సంగతి అదే."

మధ్యాహ్నానికి ఆ నీలం పూర్తిగా దిగింది. గదిలోకి వచ్చినవాళ్ళు ఎవరి కోపంలో వాళ్ళు వచ్చారు, బుట్టని చూడగానే గొంతులు తగ్గిపోయాయి. టీచరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. టైలరుగారు ఆవిడ వెనక నిలబడ్డాడు. మొక్కలమ్మ తలుపు దగ్గరే ఉంది, సర్దుకున్న పెట్టె పక్కనే. విత్తనాల షాపాయన చేతులు కట్టుకున్నాడు.

"ముందు ఈ కోత సంగతి," అన్నారు భూతద్దంగారు. "కసితో చేసినవాళ్ళు పూలని తెంపుతారు. ఇక్కడ ఒక్క పువ్వు పోలేదు. పూలు లేని ఆకుకొమ్మలే పోయాయి. నాటుకోవడానికి పనికొచ్చేవి అవేనటగా మొక్కలమ్మగారూ?"

ఆమె తలూపింది. టీచరమ్మ ఆమెవైపు చూసిన చూపులో, ఇంక రుజువేం కావాలి అన్నది స్పష్టంగా ఉంది.

"రెండోది, ఎప్పుడు కోశారన్నది. టీచరమ్మగారూ, ఒకసారి ఇలా దగ్గరికి రండి. ఈ కాడ కొస చూడండి."

ఆవిడ ఇష్టం లేకుండానే లేచి వంగి చూసింది. కోసిన కాడ చివర ఎండి గోధుమరంగు తిరిగింది. దాని కిందే, కణుపు దగ్గర, అటొకటి ఇటొకటి లేత పిల్లకొమ్మలు వచ్చి ఉన్నాయి. పక్క కాడకీ అంతే, దాని పక్కదానికీ అంతే.

"ఒక్క రాత్రిలో ఇంత పెరుగుతాయా అమ్మా?"

మొక్కలమ్మ తనని రమ్మనకుండానే నాలుగడుగులు ముందుకి వచ్చింది. ఆ చిగుళ్ళని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రెండు వారాలు దాటి ఉంటుంది," అంది మెల్లగా. "ఎక్కువే కావచ్చు."

"అప్పుడు మీరు మీ అమ్మగారి మంచం పక్కన ఉన్నారు," అన్నారు భూతద్దంగారు. "ఈ సంగతి చెప్పే సాక్షి ఇంకొకటి కూడా ఉంది. ఎండ అటునుంచి వస్తుంది. కాబట్టి పూలు మొదట అటువైపే ఉండేవి, తలుపువైపు ఆకులుండేవి. షాపాయన చూసింది అదే. ఆకుకొమ్మలు కోసేశాక తలుపు దగ్గర్నుంచి చూసేవాళ్ళకి ఖాళీ కనిపిస్తుంది. అందుకని కోసినవాళ్ళు బుట్టని కొక్కెం మీంచి దించి, వెనక్కి తిప్పి మళ్ళీ తగిలించారు. ఆ రోజునుంచీ టీచరమ్మగారికి విరగబూసినట్టు కనిపించింది. పూలు పెరగలేదమ్మా. మొహం ఇటు తిరిగింది. పాపం మొక్క మాత్రం ఊరుకోలేదు. అన్నాళ్ళూ ఒక్కొక్క కొసా వెనక్కి వంచుకుంటూ ఎండని వెతుక్కుంది. ఈ వంపులు ఒక రాత్రిలో వచ్చేవి కావు. ఇన్నేళ్ళలో ఎంతోమందికి ప్రశ్నలు వేశాను, ఇంత నిజాయితీగా సాక్ష్యం చెప్పినదాన్ని చూడలేదు."

స్టెనో ఆ వంగిన కొసల్ని చూస్తూ రాయడం మర్చిపోయింది. ఎవరూ చూడని గదిలో, చప్పుడు చెయ్యకుండా, అన్ని తీగలూ కలిసి అటు తిరిగాయన్న ఊహకే ఆమెకి ఒళ్ళు జలదరించింది.

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "వాడు పూయిస్తున్నాడనుకున్నాను," అంది తనలో తాను.

"మరి ఎవరు కోశారు సార్?" అన్నాడు షాపాయన.

"మొక్కలు పెంచేవాళ్ళు చచ్చినా చెయ్యని పొరపాటు చేసినవాళ్ళు. పూలవైపుని ఎండకి దూరం చెయ్యడానికి మొక్కలమ్మగారికి చేతులు రావు, మీకూ రావు. కానీ జీవితమంతా బట్టల మధ్య గడిపిన మనిషికి చెయ్యి దానంతటదే అలా తిరుగుతుంది. కుట్టు లోపలికి, మంచివైపు బయటికి. కోత కూడా కత్తెరది కాదు. కత్తెర కాడని నొక్కేస్తుంది. ఇది కుట్లు విప్పే బ్లేడు. ఇంక, దారం రంగు చూసుకోవాల్సిన మనిషి ఇంత ఎండలో కిటికీకి గుడ్డ కట్టుకుని బల్బు కింద ఎందుకు కూర్చుంటాడు? ఆ గాజు గ్లాసులన్నీ ఎక్కడికి పోయాయి?"

టైలరుగారు ఒకసారి గుటక మింగాడు. ఇంకోసారి మింగాడు. టీచరమ్మ వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసింది.

"ఏమండీ?"

"నేనే," అన్నాడాయన. "అడుగు ఆకులు పచ్చబడుతున్నాయి. కాడలు మోడవుతున్నాయి. రోజూ నీళ్ళు పోసేవాణ్ణి, నాకు కనిపించదా? నువ్వు రోజూ పొద్దున్నే లేచి, తలుపు దగ్గర నిలబడి దాన్ని చూసి, అప్పుడు కాఫీ తాగుతావు. అది లేని రోజున నువ్వెలా లేస్తావో అని భయమేసింది."

ఎలా కొయ్యాలో చెల్లెమ్మ గోడవార మళ్ళలో చేస్తుంటే కిటికీలోంచి చూసి నేర్చుకున్నానన్నాడు. ఇవాళ సాయంత్రం నాటిన పిల్లమొక్కలన్నీ తెచ్చి భార్య ముందు పెడదామనుకున్నాడు. పొద్దున్న ఇంట్లో గొడవ లేచేసరికి నోరు పెగల్లేదు. తెలిస్తే వాటిని కూడా పీకి పారేస్తుందేమోనన్న భయం ఒకటి. చెప్పి చెప్పి చివరికి మొక్కలమ్మవైపు తిరిగాడు.

"నీ పెట్టె సర్దుతుంటే కూడా మిషను తొక్కుతూ కూర్చున్నానమ్మా. అది మాత్రం నువ్వు క్షమించినా నేను మర్చిపోలేను."

మొక్కలమ్మ "అవి బతికాయా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.

అందరూ ముందు గదిలోకి వెళ్ళారు. టైలరుగారు కిటికీ గుడ్డ పక్కకి లాగాడు. గట్టు మీద బొత్తాల డబ్బాలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కదాని మీద తడి ఆరిపోకుండా ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది. గ్లాసుల లోపల ఆవిరి పట్టి, ఆ ఆవిరి వెనక పచ్చగా ఏదో ఉంది. మొక్కలమ్మ ఒక గ్లాసు ఎత్తి, రెండు వేళ్ళతో కొమ్మని ఇంతే ఇంత లాగి చూసింది. అది రాలేదు. వేరు పట్టుకుంది. ఆమె ఇంకో గ్లాసు ఎత్తింది, ఇంకోటి ఎత్తింది. ఒక్కటి కూడా చావలేదు. చివరి డబ్బాలో, జానెడు కూడా లేని మొక్కకి ఒకే ఒక్క పువ్వు విచ్చుకుని ఉంది. లోపలి గదిలో ఉన్న అదే నీలం, ఆ వేళకి ఉండాల్సినంత ముదురుగా ఉంది.

అందరికన్నా గట్టిగా వాదించిన షాపాయనే అందరికన్నా ముందు చేతులు జోడించాడు. భూతద్దంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, తుడవాల్సింది కళ్ళజోడు కాదని స్టెనోకి తెలుసు. పోయిన మనిషి చేసిన రంగు ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళ కిటికీల్లో కూడా పూయబోతోంది. ఆ ఊహ ముందు ఆమెకి తను చాలా చిన్నగా అనిపించింది, ఎందుకో సంతోషంగానూ అనిపించింది.

బయట ఆటో హారను మోగింది. టైలరుగారు చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి దాన్ని పంపించేశాడు.

టీచరమ్మ మిషను బల్ల మీదున్న బ్లేడు తీసుకుని అద్దాల గదివైపు నడిచింది. ఎవరికీ ఏమీ అర్థంకాక వెంట వెళ్ళారు. ఆవిడ బుట్ట పక్కన, అంటే ఏడాదిపాటు వెళ్ళలేకపోయిన చోట, వెళ్ళి నిలబడింది. జీవితంలో ఎవరినీ క్షమించమని అడిగి ఎరగని మనిషి. అది ఎలా అడగాలో ఆవిడకి తెలియలేదు.

"అమ్మాయ్, ఇలా రా," అంది. "ఈ పెద్ద కాడ కూడా మోడవుతోంది. ఎక్కడ కొయ్యాలో చూపించు."

మొక్కలమ్మ వచ్చి ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి, బ్లేడుని ఒక కణుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఇక్కడ వదినా. భయపడకండి, కోసిన చోట రెండొస్తాయి."

కొమ్మ తెగింది. టీచరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత భర్తవైపు తిరిగి, ఇంట్లో ఇంకో గాజు గ్లాసు ఏమైనా మిగిలిందా అని అడిగింది.